నాలుగు దారాల పటం

“ఇవాళ కూడా కాదన్నారంటే ఈ బల్ల బయటికి. ముందే చెప్తున్నా, తర్వాత మొహం వేలాడేసుకోకండి,” అంది భార్య, టేపుతో బల్ల పొడవు కొలుస్తూ.

గాలిపటాలాయన బల్లని రెండు చేతులా పట్టుకున్నాడు, అప్పుడే ఎవరో లాక్కుపోతున్నట్టు. “ఇంకా ఫోనే రాలేదు కదా!”

“వస్తే ఏమంటారో నాకు తెలీదా? బల్ల పోతే ఆ గోడకి నా మెషిను పడుతుంది. హాయిగా కర్టెన్లు కుట్టుకుంటా. కర్టెన్లు ఎగరక్కర్లేదు, వేలాడితే చాలు.”

ఆయన బల్ల మీంచి చేతులు తీశాడు. మాటిచ్చాడు మరి. ఈ కొత్త నమూనాని గాలిపటాల కంపెనీ తీసుకోకపోతే ముందుగది ఆవిడది, ఆయన ఇక జన్మలో గాలిపటం గీయకూడదు. ఒప్పుకున్నప్పుడు ధైర్యంగానే ఒప్పుకున్నాడు. ఇవాళ మాత్రం ఊరికే ఫోను తీసి చూసుకుంటున్నాడు.

మామూలు గాలిపటమైతే ఈ గొడవే లేదు. ఆయనది నాలుగు దారాల పటం. రెండు చేతుల్లో రెండు పిడులు, ఒక్కో పిడికి పైనో దారం, కిందో దారం. కింది దారాలు లాగితే పటం గాల్లో ఆగాలి, ఇంకా లాగితే రివర్సులో రావాలి. ముందుకి అన్ని పటాలూ పోతాయి, అందులో గొప్పేముంది? బండికున్నట్టు పటానికి రివర్సు ఉండి తీరాలన్నది ఆయన పట్టు. ఇంట్లో లేచింది మొదలు అదే గోల. రివర్సు కుదిరిందా, రివర్సులో వంకర పోతోందా, రివర్సులో ముక్కెందుకు ఊగుతోంది!

గోడ నిండా వేలాడుతున్నవన్నీ కుదరని నమూనాలే. వాటికి పేర్లు పెట్టింది ఆవిడ. గాలి తగలగానే చతికిలబడేది ‘తడిగుడ్డ’. పిచ్చెక్కినట్టు గింగిరాలు కొట్టేది ‘బొంగరం’. ఎటు లాగినా తనకి తోచిన వైపే పోయేది ‘మా ఆయన’. ఇవాళ్టి దానికి ఇంకా పేరు పెట్టలేదు. కూలాక పెడతానంది.

మైదానానికి బావమరిది వెళ్ళాడు. పటాలు ఎగరేసే చెయ్యి అతనిదే. “నువ్వొస్తే నేను రాను బావా. పక్కన నిలబడి నా చేతులు నువ్వు తిప్పుతావు,” అని ముందే తేల్చి చెప్పేశాడు. కంపెనీ పెద్దాయన స్వయంగా వచ్చి చూస్తారు. ఆయన ఊఁ అంటే ఊఁ, ఉహూఁ అంటే ఉహూఁ.

ఎంతకీ ఫోను మోగలేదు. ఉండబట్టలేక గాలిపటాలాయనే చేసి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. అవతల హోరున గాలి.

“ఏమైందిరా?”

“బావా! వెనక్కి పంపమంటున్నారు!”

“ఏంటీ?”

“వెనక్కి! పెద్దాయన వెనక్కి పంపించమంటున్నారు! పంపుతున్నా, ఉండు!”

ఆ తర్వాత గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

గాలిపటాలాయన బల్ల మీదున్న కత్తెర, స్కేలు, పెన్సిళ్ళు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేశాడు.

“ఆ చివర పట్టు. బయట పెట్టేద్దాం,” అన్నాడు.

ఆవిడ బల్ల పట్టలేదు. ఫోను పట్టింది.

“ఒరేయ్! వెనక్కి పంపడమేంట్రా? అదేమన్నా చొక్కానా, రంగు నచ్చలేదని వెనక్కి పంపడానికి? కళ్ళు తెరిచే చూశాడా ఆ ముసలాయన?”

“పోనీలేవే...”

“మీరూరుకోండి! రెక్కల అంచున వలగుడ్డ ఎందుకేశామో అడిగాడా? గాలి ఎక్కువైతే అందులోంచి జారిపోతుందని! నడుం దగ్గర పుల్ల వంచింది సోకుకనుకున్నాడా? రివర్సులో పటం పొట్ట గాలితో నిండాలని! అది కుదిరేదాకా ఎన్నిసార్లు విప్పి కుట్టానో నా వేళ్ళకి తెలుసు. ఈ మనిషి గాలి లేస్తే కంచం ముందునుంచి లేచిపోతాడు. నిద్రలో కూడా మణికట్లు తిప్పుతాడు. ఈయన్ని తిట్టాలంటే నేను తిట్టాలి, కాదనాలంటే నేను కాదనాలి! మధ్యలో దారిన పోయే దానయ్య ఎవడ్రా వెనక్కి పంపడానికి? ఆయన కంపెనీ పటాలు నేను చూళ్ళేదా? దుప్పటి ఆరేసినట్టుంటాయి!”

గాలిపటాలాయన నోరు తెరుచుకుని విన్నాడు. రివర్సులో పొట్ట ఎందుకు నిండాలో ఆవిడకి తెలుసని ఆయనకి ఇన్నాళ్ళూ తెలీదు. చెబుతుంటే టేపు చూసుకుంటూ కూర్చునేది, వినడం లేదనుకున్నాడు. కళ్ళు చెమర్చాయి. ఆ క్షణాన బల్ల పోతే పోయిందనిపించింది కూడా.

“వింటున్నావురా? నోట్లో ఏం పెట్టుకున్నావు? అయినా నీతో నాకేంటి, ముందు ఫోను ఆ పెద్దాయనకివ్వు! ఆయనతోనే తేల్చుకుంటా!”

అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.

“నా దగ్గరే ఉందమ్మా. మీ తమ్ముడికి రెండు చేతులూ ఖాళీ లేవని ఇందాకట్నుంచీ చెవి దగ్గర నేనే పట్టుకున్నాను. పటాన్ని గాల్లో వెనక్కి పంపమన్నాను, చూడముచ్చటగా వెళ్తోంది.”