హాలు కింది దూలం

ఇప్పుడు అందరి ఇళ్లలోనూ దూలాలకు జ్ఞాపకం ఉంది. అయితే ప్రతి దూలమూ తాను మోసిన అతి పెద్ద తాకిడి ఒక్కదాన్నే దాచుకుంటుంది. దాన్ని మించింది వస్తే పాతది చెరిగిపోతుంది.

పైడితల్లి ఇంట్లో హాలు నేల కింది దూలం దాచుకున్నది, కూతురు పుట్టిందన్న కబురు విని ఆమె భర్త సూరప్పడు వేసిన గెంతు. ఆయన పోయాక ఆ హాల్లో ఆమె ఎవరినీ గట్టిగా అడుగు కూడా వేయనివ్వలేదు.

ఈరోజు ఉద్యోగం వచ్చిందని తెలియగానే కూతురు ధాత్రి, అలవాటు ప్రకారం, వీధిలోకి పరుగెత్తి గెంతింది.

పైడితల్లి చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చింది. "ఈదిలో గెంతుతావేటే? ఇక్కడ గెంతు."

"నాన్నది చెరిగిపోతాదమ్మా!"

"ఆయన గెంతిందీ నీకోసమే కదేటే," అంటూ కూతురి రెండు చేతులూ పట్టుకుని, తనే ముందు గెంతింది.