పందెం ఎద్దు రక్తం

"నా ఎద్దు ఒంట్లోంచి చుక్క రక్తం తీసినా ఊరుకోను మేడమ్," అన్నాడు ఓబుళేశు.

డాక్టర్ శ్రావణి సూదిని ట్రేలో పెట్టేసింది. కడపలోని ఆమె పశువుల క్లినిక్ ముందు, ఇనుప కమ్మీల మధ్య నిలబడ్డ ఎద్దుకు ఎడమ కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి. కంపముల్లు గీరుకుని నల్లగుడ్డు మీద పుండు పడింది. ఏ మందూ పని చేయలేదు. పందెం ఎద్దుకు జబ్బని ఊళ్లో పొక్కకూడదని ఓబుళేశు దాన్ని మినీ లారీలో పట్ట కప్పి తెచ్చాడు.

"దాని రక్తాన్నే యంత్రంలో తిప్పితే ప్లేట్‌లెట్లున్న ప్లాస్మా వేరవుతుంది. దాన్ని చుక్కలుగా వేస్తే పుండు మానుతుందన్నా."

"ప్లేట్‌లెట్లంటే డెంగీ వచ్చినోళ్లకు ఎక్కించేటివి కదా. నా ఎద్దుకు డెంగీ లేదే."

"కన్నుంది. అది పోతుంది."

"ఉగాదికి ఎర్రగుంట్ల పక్కన బండలాగుడు పందెం ఉండాది. రక్తం పోతే బలం పోతాది. ఇంక బండనేం లాగుతాది?"

"గుడ్డి ఎద్దును పందెంలోకి రానిస్తారా?"

రానివ్వరు. ఓబుళేశు భుజమ్మీది టవల్ దులిపి మళ్లీ వేసుకున్నాడు.

"వేరే ఎద్దు రక్తం పనికిరాదా?"

"ఆరోగ్యంగా ఉంటే వాడొచ్చు."

"అట్లయితే మా ఊరి నారాయణ ఎద్దుది తీయండి. శానా ఆరోగ్యంగా ఉండాది. పోయినేడు నన్ను ఓడించింది అదే. కొంచెం ఎక్కువే తీయండి."

"నారాయణ గారిదా?" అంది శ్రావణి, ట్రేలోని సూది వైపు చూస్తూ.

"మీరడిగితే కాదనడు. నా పేరు మాత్రం చెప్పొద్దు."

"సరే. కానీ ఆ రక్తం దీనికి పడుతుందో లేదో చూడాలి. పరీక్షకు దీని రక్తం కావాలి."

"పరీక్షకైతే తీసుకోండి. దానిదేముండాది."

ఆమె ఎద్దు మెడ దగ్గర సూది గుచ్చి వరసగా గొట్టాలు నింపింది. ఓబుళేశు పగ్గం పట్టుకుని నిమ్మళంగా ఫోన్ చూసుకున్నాడు.

సాయంత్రానికి చుక్కల సీసాలు చేతికొచ్చాయి. పందెం నాటికి కన్ను తేటపడింది.

ఉగాది పందెంలో మొదటి బహుమతి ఓబుళేశు ఎడ్లకు, రెండోది నారాయణ ఎడ్లకు వచ్చింది. ఓబుళేశు నేరుగా నారాయణ దగ్గరికి పోయాడు.

"బాధపడొద్దప్పా. నీ ఎద్దు రక్తం తీసి నా ఎద్దు కంట్లో వేసినారు. నీదింకేం లాగుతాది?"

నారాయణ అతన్ని ఎగాదిగా చూశాడు. "నా ఎద్దుదా? నా ఎద్దుకూ కన్ను పుండయ్యింటే, నీ ఎద్దు రక్తం తీయించి వేయించింది నేను."

ఇద్దరూ కలిసి, ఎడ్లను పరీక్షించడానికి వచ్చిన శ్రావణి వైపు తిరిగారు.

"పరీక్షకని ఇద్దరూ ఇచ్చారు కదన్నా," అందామె. "ఎవరి ఎద్దు రక్తం వాళ్ల ఎద్దు కంట్లోనే వేశాను."

ఓబుళేశు తన ఎద్దును చూశాడు. మెడలో పూలదండతో, ఇద్దరు మనుషులు పట్టుకున్నా ఆగకుండా అది నేల తవ్వుతోంది.

"అనుకుంటానే ఉండా మేడమ్," అన్నాడు. "రక్తం తీసిన పొద్దు నుంచి శానా నీరసంగా ఉండాది."