న్యూట్రల్లో ఆగే జీపు

"ఇది అయిదోసారి బ్రహ్మచారీ. నిన్న సిగ్నల్ కాడ మళ్ల బంద్ పడ్డది," అన్నాడు మల్లేష్, జీపు దిగీ దిగకముందే.

సూరత్ లింబాయత్‌లోని ఒక సందులో, తన మెకానిక్ షెడ్డులో బ్రహ్మచారి పానా కింద పెట్టి, మల్లేష్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. దడదడలాడే మరమగ్గాల మధ్య, ఆ సాంచాల మధ్య బతికినవాళ్లకు మొహంలో మొహం పెట్టి మాట్లాడితేనే మాట్లాడినట్టు. ఆ సందులో సగం మందికి అదే అలవాటు.

"ఎట్ల ఆగుతది, జర పూస గుచ్చినట్టు చెప్పే."

"న్యూట్రల్ల ఏసి రేస్ మీద కాలు తీస్త. అంతే, సచ్చిపోతది. మళ్ల తాళం తిప్పి రేస్ ఇస్తె లేస్తది."

"ముందుగాల గిట్ల లేకుండె గద?"

"ముందుగాల గజగజ ఊగేది. ఎప్పుడన్న ఒకసారి ఆగేది. నువ్వు చెయ్యి పెట్టినంకనే రోజు ఆగుడు షురూ అయింది."

బ్రహ్మచారికి ఆ మాట ముల్లులా దిగింది. మల్లేష్ పనిచేసే కార్ఖానా శేఠ్‌దైన ఆ పాత జీపును అతను సొంత బిడ్డలా చూశాడు. కార్బొరేటర్ విప్పి కడిగాడు. ప్లగ్గులు మార్చాడు. చిట్లిన గాలి పైపు తీసి కొత్తది వేశాడు. ఎయిర్ ఫిల్టర్ తెరిస్తే సాంచాల షెడ్డులోని దూది పరుపు చింపినట్టు బయటికొచ్చింది. ఇంజన్ కింద రబ్బర్లు కూడా కొత్తవే. అన్నీ అయ్యాక బానెట్ మీద నిండు చాయ్ గ్లాసు పెట్టి ఇంజన్ చాలూ చేస్తే, చుక్క తొణకలేదు. ఆరోజు సందంతా వచ్చి చూసింది.

"నా చేతుల ఒక్కసారి గూడ ఆగలేదే అన్నా. ఒక్కటే సమజ్ అయితలేదు. మొన్న ఏసిన కొత్త స్టార్టర్ పండ్లు అప్పుడే అరిగినయి. గింత జల్ది ఎట్ల అరుగుతయి?"

"నాకేం ఎరుక? మెకానిక్‌వు నువ్వా, నేనా?"

అనేశాడు గానీ మల్లేష్‌కే ఆ మాట నచ్చలేదు. కాలం మంచిదైతే బ్రహ్మచారితో ఇలా మాట్లాడేవాడే కాదు. సిరిసిల్ల నుంచి ఇద్దరూ ఒకే రైల్లో సూరత్ వచ్చారు, మొదటి ఏడాది ఒకే గదిలో వండుకు తిన్నారు. కానీ శేఠ్ కార్ఖానాను ఊరి బయటి కామ్‌రేజ్‌కి మార్చి, నీళ్లతో నడిచే కొత్త సాంచాలు పెట్టి, ముప్పై మందిని పొమ్మన్నాడు. సాంచా నడిపినవాళ్లలో మల్లేష్ ఒక్కడు డ్రైవరుగా మిగిలాడు, అదీ ఊళ్లో ట్రాక్టర్ నడిపిన పుణ్యాన. డ్రైవరు పని పోతే యాభై నాలుగేళ్లవాడిని ఏ శేఠూ గడప తొక్కనివ్వడు. ఇంట్లో భార్య భూదేవి ఉబ్బసంతో మంచం పట్టి ఉంది.

అందుకే మల్లేషే ఫోన్ చేయించి మేనేజర్ రాంప్రసాద్‌ని పిలిపించాడు. రాంప్రసాద్ సూరత్‌లోనే పుట్టిన తెలుగువాడు. ఎండకు చిరాకు పడుతూ వచ్చి, ఇద్దరి ముందూ నిలబడ్డాడు.

"దేఖో, శేఠ్ సాఫ్ చెప్పిండు. తప్పు మెకానిక్‌దైతే మన బండ్లు ఇగ ఈ షెడ్డుకు రావు. డ్రైవర్‌దైతే బండి చావీ నాకిచ్చి ఇంటికి పోవుడే. ఇయ్యాల ఫైసల్ అయిపోవాలె."

"మెకానిక్‌దే సార్," అన్నాడు మల్లేష్. "కావాలని ఏదో వదులు జేసి తోలుతడు. బండి మళ్ల మళ్ల వస్తెనే గద ఈనికి గిరాకి."

బ్రహ్మచారి చేతులు గుడ్డకు తుడుచుకుని జీపుకు దూరంగా జరిగాడు. "నువ్వే నడుపు మల్లన్నా. సార్‌ను పక్కన కూసోబెట్టుకో. నేను ముట్ట గూడ ముట్ట," అన్నాడు.

మల్లేష్‌కి సిగ్గేసింది. అయినా ఎక్కి తాళం తిప్పాడు.

జీపు సందు దాటి, పెద్ద రోడ్డెక్కి, ఒక చుట్టు తిరిగింది. దారిలో రాంప్రసాద్ కిటికీ వైపు తిరిగి ఏదో అన్నాడు. మల్లేష్ "అవ్ సార్" అన్నాడు. మేనేజర్లకు ఆ జవాబు ఎప్పుడూ సరిపోతుంది. మళ్లీ షెడ్డు ముందుకొచ్చి ఆపి, న్యూట్రల్ వేసి, రేస్ మీద నుంచి కాలు తీశాడు. డాష్‌బోర్డు మీద లైట్లు ఎప్పుడో పోయాయి, చూడటానికి అక్కడేమీ లేదు. స్టీరింగ్ మీద అరచేతులు ఆన్చి కూర్చున్నాడు.

చచ్చింది. ఎప్పటిలాగే, చప్పుడు లేకుండా.

బండి ఆగినందుకు అతను సంతోషపడటం అదే మొదటిసారి. ఉద్యోగం దక్కింది.

"చూసిన్రా సార్? మీ కండ్ల ముంగటనే సచ్చింది," అన్నాడు. రాంప్రసాద్ నోరు తెరిచి అతన్నే చూస్తున్నాడు. మెకానిక్ దొంగతనానికి బిత్తరపోయాడనుకున్నాడు మల్లేష్. హుషారొచ్చి గొంతు పెంచాడు. "ఇంకేం రుజువు గావాలె? ఒక్క ఊరోన్నని నమ్మితే నా పొట్ట గొట్టిండు సార్. దొంగ. ఈని షెడ్డుకు తాళమేపియ్యుండ్రి."

ఎదురింటి అరుగు మీద కండెలు చుడుతున్న లింగవ్వ చేతులు ఆపి ఇటే చూస్తోంది. బ్రహ్మచారి కళ్లలో నీళ్లు తిరిగాయి. దొరికిపోయాడు గనకే ఏడుస్తున్నాడనుకున్నాడు మల్లేష్. రాంప్రసాద్ మెల్లగా అరచెయ్యి చాపాడు. ఆ చెయ్యి బ్రహ్మచారి వైపు కాక తన వైపు ఎందుకు చాపాడో మల్లేష్‌కి అర్థం కాలేదు.

అప్పుడు బ్రహ్మచారి కిటికీ దగ్గరికొచ్చి, అతని గడ్డం పట్టి మొహం తనవైపు తిప్పుకుని, పెదాలు కనబడేలా ఒక్కో మాటే విడదీసి చెప్పాడు.

"అన్నా, ఇంజన్ నడుస్తనే ఉంది."