ఎడమకి లాగే బండి

పాత బళ్ళు కొనడంలో తనను మించినవాడు లేడని బావగారికి గట్టి నమ్మకం.

మరదలు నర్సు. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకే వెళ్ళి కట్లు మార్చే ఉద్యోగం కొత్తగా వచ్చింది. అందులో సగం ఇళ్ళు కొండ మీదే.

"సోమవారంలోగా ఒక బండి చూసిపెట్టు బావా" అని ఆమె అడిగిందో లేదో, ఆయన తాళాల గుత్తికి చిన్న అయస్కాంతం తగిలించుకుని బయలుదేరాడు.

పాత బళ్ళ షెడ్డులో ఎర్ర బండి ఆమెకు చూడగానే నచ్చింది.

"నచ్చినట్టు మొహం పెట్టకు. బేరం చెడుతుంది" అని గొణిగాడు బావ.

షెడ్డు యజమాని సీటు తుడుస్తూ వచ్చాడు. "ఒకసారి పడింది సార్. చిన్న గీత, అంతే. దాచేదేముంది?"

బావ అయస్కాంతం తీసి ట్యాంకుకి కుడిపక్క పెట్టాడు. టక్కున అతుక్కుంది.

"రేకు బాగానే ఉంది" అన్నాడు, నాడి చూసిన వైద్యుడిలా.

"ఆ పక్క పెట్టి చూడండి బాబూ."

గోడవారన బల్ల మీద కూర్చున్న పెద్దాయన మాట అది. మాసిన చొక్కా, చేతిలో పేపరు. ఒక కాలు ముందుకు బారజాపుకుని ఉన్నాడు.

ఎడమపక్క పెడితే అయస్కాంతం జారి కింద పడింది.

"లప్పం. మందంగా పట్టించి పైన రంగేశారు" అన్నాడు పెద్దాయన.

"నేనూ అదే అనబోతున్నాను" అన్నాడు బావ.

షెడ్డు యజమాని పెద్దాయన వైపు గుర్రుగా చూశాడు. ఆయన పేపరు తిప్పుకున్నాడు.

బావ ముందుచక్రం దగ్గర కూర్చుని ఒక కన్ను మూసి చూశాడు. "తిన్నగానే ఉంది."

పెద్దాయన జేబులోంచి దారపు ఉండ తీశాడు. "కంటికి తెలియదు బాబూ. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా దీన్ని లాగి చూడండి."

బావ ఒక కొస, మరదలు ఒక కొస పట్టుకున్నారు. ముందుచక్రం దగ్గర దారానికీ టైరుకీ మధ్య వేలు పట్టేంత సందు కనిపించింది.

"ముందుచక్రాన్ని పట్టి ఉంచే గొట్టాలు వంగితే సరిచేశారు. మామూలుగా బాగానే పోతుంది. గట్టిగా బ్రేకు వేస్తే మాత్రం ఎడమకి లాగుతుంది" అన్నాడు పెద్దాయన.

మరదలి మొహం వాడిపోయింది. "కొండ దిగేటప్పుడు ఎడమకి లాగితే ఇంకేముంది బావా, లోయలోకే."

"మనకొద్దు. పద" అన్నాడు బావ.

"ఇంజను మాత్రం బంగారం." పెద్దాయన గొంతు ఒక్కసారిగా మారింది. కూతురి మార్కులు చెప్పుకునే తండ్రికి ఉండేంత గర్వం ఉంది అందులో. "ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా విప్పలేదు. గొట్టాలు రెండూ కొత్తవి వేయించండి, తిన్నగా అవుతుంది. ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి."

బావ మరదలి చెవిలో అన్నాడు. "కమిషన్ కోసం తిరిగే మనిషి. ఇలాంటివాళ్ళని ఎంతమందిని చూశాను."

అంటూనే బేరంలోకి దిగాడు. లప్పానికి కొంత తగ్గించమన్నాడు. గొట్టాలకి కొంత. దారం చూపిన సందుకి విడిగా ఇంకొంత. అడిగిన ప్రతిసారీ షెడ్డు యజమాని బల్ల వైపు దిగులుగా చూసేవాడు. పెద్దాయన పేపరులో ఒక పేజీ తిప్పేవాడు. "సరే సార్" అనేవాడు షెడ్డు యజమాని.

తన బేరానికి తానే మురిసిపోయాడు బావ.

ఈలోగా మరదలు షెడ్డు ముందు జాగాలో బండి నడిపి చూసింది. బ్రేకు వేయగానే ముందుచక్రం ఎడమకి జారింది. ఆమె కాలు ఆన్చి నిలదొక్కుకుంది.

"గొట్టాలు మార్చేదాకా వెనక బ్రేకు మొదట, ముందు బ్రేకు తర్వాత, మెల్లిగా. మళ్ళీ వేయమ్మా" అన్నాడు పెద్దాయన.

రెండోసారి కాస్త నయం. మూడోసారి బండి గీత గీసినట్టు తిన్నగా ఆగింది.

"అదీ" అన్నాడాయన. ఉద్యోగం వచ్చిన రోజు కూడా ఆమెకింత గర్వం కలగలేదు.

బావ ఒక నోటు మడిచి పెద్దాయన జేబులో పెట్టాడు. "ఇదిగో మీ కమిషన్. మళ్ళీ మా వెంట పడకండి."

పెద్దాయన నోటు వైపు చూసి నవ్వాడు. దాన్ని తీసి ఆమె చేతిలో పెట్టాడు. "పెట్రోలు పోయించుకో అమ్మా."

గోడ పట్టుకుని లేచాడు. ఎడమకాలు వంగడం లేదు. పోతూ పోతూ సీటు మీద దుమ్ము అరచేత్తో దులిపి, వీధి మలుపు తిరిగాడు.

"బేరమంటే ఇలా ఉండాలి" అంటూ బావ అమ్మకం కాగితాలు అందుకున్నాడు.

మొదటి పేజీలో బండి సొంతదారు ఫొటో ఉంది. చూసిన బావ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఈయన..."

"ఆయనే సార్. నోరు విప్పొద్దని నిన్నంతా బతిమాలాను, వినలేదు" అన్నాడు షెడ్డు యజమాని.

మరదలు వీధిలోకి పరుగెత్తింది. మలుపు దగ్గర ఎవరూ లేరు.

తిరిగొచ్చి, నోటు పిడికిట్లో పట్టుకుని అడిగింది. "తన బండికి తనే వంకలు పెట్టుకోవడం దేనికి?"

షెడ్డు యజమాని బల్ల మీది పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఆ కాలు పోయింది ఈ బండి మీదేనమ్మా, ఆయన దీన్ని కొన్న రోజు ఇలా పక్కన కూర్చుని చెప్పే మనిషి లేడట."