తెల్లగా రాని గుడ్డ

తిరుప్పూరులో చీకటి పడేసరికి అద్దకం మిల్లుల రంగునీళ్ళు మా తొట్టిలోకి వస్తాయి. సేలం కొండల నల్ల ఇనుపరాయి పొడి చల్లి, మందు పోసి కలియబెడితే రంగు విరిగిపోతుంది. తర్వాత బనియన్ గుడ్డ పీలిక ముంచి చూస్తాం. అది తెల్లగా వస్తేనే నీళ్ళు ఏట్లోకి వదలాలి. దిగువ ఊళ్ళ బావుల్లోకి ఊరేది ఆ ఏటి నీళ్ళే.

ఈ పని మా ఆయన సెంగోడన్‌ది. పోయిన ఆడిమాసంలో ఇదే తొట్టిలో పడి చనిపోయాడు. ఇప్పుడు నాది.

ఒక రాత్రి గుడ్డ పైకి తీస్తే, కింద నుంచి ఎవరో పట్టుకున్నట్టు కొసన నీలంగా బొటనవేలితో కలిపి నాలుగే వేళ్ళ గుర్తులున్నాయి. మా ఆయన చిటికెన వేలు ఎప్పుడో మెషిన్‌లో పోయింది.

"ఏం మరకతం అక్కా, రంగు పోయిందా?" గదిలోంచి సూపర్‌వైజర్ కదిరేశన్ కేకేశాడు. "ఏటి గేటెత్తెయ్, నిద్రొస్తోంది!"

"నీకు పొద్దుగూకితే చాలు, నిద్రే. ఉండరా, ఇంకా పోలేదు."

మళ్ళీ పొడి చల్లి, మందు పోసి కలియబెట్టాను. రెండో గుడ్డ మీద వేళ్ళు వెలిసిపోయాయి. మూడో గుడ్డ మీద, దీపానికి పట్టి చూస్తే తప్ప కనపడలేదు. ఇంకొక్క దోసెడు చల్లితే చాలు.

దోసిట్లో పొడి పట్టుకుని నిలబడ్డాను. చేతులు తెరుచుకోలేదు.

"అక్కా, అయిందా?"

"ఇంకాసేపురా," అన్నాను.

పొడి మళ్ళీ బుట్టలో పోసేసి, కొత్త గుడ్డ ముంచి, కొస వదలకుండా పట్టుకున్నాను. నీళ్ళు కదల్లేదు. చాలాసేపటికి, నీళ్ళలో ఉన్న కొస మెల్లగా బిగిసింది.