ఏమీ రాలని ఆకాశం

రాకెట్ కేంద్రం ఫిర్యాదుల కిటికీ దగ్గర కావేరమ్మ వంతు వచ్చింది.

"మీ పడవ మీద ఏం పడిందమ్మా?" అని గుమాస్తా అడిగాడు.

"ఏం పడలేదు సార్. అందుకే వచ్చినా."

అతను తలెత్తి నవ్వాడు. "ఇవి ఒకే దశ రాకెట్లమ్మా. ఎగిరింది ఎగిరినట్టే దిగొస్తుంది. ముక్క కూడా రాలదు."

ఆ సంగతి ఆమెకూ తెలుసు. వెనకటి రాకెట్ల కింది భాగాలు ఊడి సముద్రంలో పడేవి కాబట్టి, అవి ఎగిరే రోజు చేపల వేటకు పోవద్దని ముందే చాటింపు వేసేవారు. పండగలకు కూడా ఆగని ఆమె మొగుడు ఆర్ముగం ఆ ఒక్కరోజు ఇంటిపట్టున ఉండి, వల బాగుచేసుకుంటూ, ఆమె వండింది వేడివేడిగా తినేవాడు. ఇప్పుడు రాకెట్లు బస్సుల్లా రోజుకు నాలుగు ఎగురుతున్నాయి. చాటింపన్నదే లేదు.

"పోయిన నెల మా ఆయన జొరంతోనే వేటకు పోయినాడు సార్. ఆ పొద్దు కూడా రాకెట్ ఎగిరింది. వెనకటి మాదిరైతే ఇంట్లోనే ఉండేవాడు. పడవ ఒక్కటే ఒడ్డుకొచ్చింది."

గుమాస్తా నవ్వు ఆగిపోయింది. కలం పట్టుకుని, "ఏం రాయమంటారమ్మా?" అన్నాడు.

కావేరమ్మ కిటికీ ఊచ పట్టుకుంది.

"రేపట్నించి ఆ పడవ మీద నా కొడుకు పోతన్నాడు. నెలకొక్క ముక్కన్నా రాల్చండి సార్."