గంప కింద పిల్లి

అందరం సంగటికి కూర్చోగానే మా పిల్లి వచ్చి సరిగ్గా నా పళ్లెంలోనే మూతి పెడుతుంది. బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టేవాణ్ని. మొరటు రాయినే నున్నగా చేసేవాడికి పిల్లి ఒక లెక్కా?

ఆ ఆదివారం దాని మెడ పట్టుకున్నాను. వంటింట్లో గంప బోర్లించి ఉంది. అంచు కొంచెం ఎత్తి పిల్లిని లోపలికి తోసి, పైన బండముక్క పెట్టాను.

అరుస్తుందనుకున్నాను. చప్పుడే లేదు.

"చూస్తిరా? భయమంటే ఇట్లుండాల," అన్నాను పిల్లలతో, మీసం దువ్వుకుంటూ.

పెరట్లోంచి వచ్చిన నా భార్య శివలీల గంపను చూసి ఆగిపోయింది.

"దాని మీద బండ ఎందుకు పెట్టినావు?"

"లోపల పిల్లి ఉండాది. మనం తినేదాకా ఆడే ఉండనీ."

"అయ్యో! పిల్లికి అందకూడదనే కదప్పా చేపల పులుసు ఆ గంప కింద పెట్టింది!"

బండ తీశాం. పిల్లి తీరిగ్గా బయటికొచ్చి, ముంగాలితో మీసాలు దువ్వుకుంది.

అందరం సంగటి ఊరిబిండి పచ్చడితోనే తిన్నాం. నా పంతం మాత్రం నెగ్గింది. ఆ పూట పిల్లి నా పళ్లెం వైపు కన్నెత్తి చూడలేదు.